వాలంటీర్లే తమ షిఫ్టులు ఎంచుకునే ఆన్‌లైన్ పద్ధతి: ఏర్పాటు నుంచి ముగింపు దాకా సమగ్ర మార్గదర్శి

పది మంది వాలంటీర్లతో జరిగే కార్యక్రమానికి ఒక ఫోను, ఒక కాగితం సరిపోతాయి. ఆ సంఖ్య అరవైకి చేరేసరికి సమన్వయకర్తకు ఎవరు ఎప్పుడు వస్తారో అడగడం, చెప్పింది రాసుకోవడం, మారితే కొట్టేసి మళ్లీ రాయడం తప్ప వేరే పనికి సమయం మిగలదు. ఈ భారాన్ని తగ్గించేవే స్వయంసేవా సాధనాలు. వీటిలో వాలంటీర్ తన ఫోనులోనే ఖాళీలు చూసి, తనకు వీలైన షిఫ్టు ఎంచుకుని, కావాలంటే మార్చుకుని, రాలేకపోతే విరమించుకుంటాడు.

ఈ నాలుగింటిలో నిర్వాహకులు మొదటి రెండింటికే శ్రద్ధ చూపడం నేను తరచుగా గమనించాను. నమోదు పేజీకి రంగులు దిద్దుతారు కానీ విరమించుకునే దారిని ఎక్కడో మూలకు నెట్టేస్తారు, లేదా అసలు పెట్టరు. పేరు ఇచ్చిన తర్వాత రాలేని పరిస్థితి వచ్చిన మనిషికి అప్పుడు ఫోన్ చేసి మొహమాటపడుతూ చెప్పుకోవడమో, చెప్పకుండా ఊరుకోవడమో తప్ప మరో మార్గం ఉండదు. ఊరుకున్నవాళ్ల ఖాళీ ఆ రోజు ఉదయం దాకా మనకు తెలియదు. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా ఒక ప్రశ్నను వెంట ఉంచుకుందాం: రాలేనివాడు ఆ మాటను ఎంత తొందరగా, ఎంత సులువుగా మనకు తెలియజేయగలడు?

మొదటి మెట్టు: సాధనం తెరవక ముందు షిఫ్టులను కాగితం మీద విడగొట్టడం

ఏ సాధనంలోనైనా అడిగేవి మూడే: పని ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎంత మంది కావాలి. ఈ మూడింటిపై స్పష్టత లేకుండా సాధనం ముందు కూర్చుంటే పేజీలు తయారవుతాయి కానీ ప్రణాళిక తయారవదు. ఉదాహరణకు రెండు రోజుల పుస్తక ప్రదర్శన తీసుకుందాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకు, అంటే రోజుకు పది గంటలు. దీన్ని అయిదేసి గంటల రెండు షిఫ్టులు చేస్తే నిలబడి పనిచేసేవాళ్లు అలసిపోతారు. రెండేసి గంటల అయిదు షిఫ్టులు చేస్తే మనుషులు మారే సమయాలు పెరిగి, ప్రతి మార్పు దగ్గరా ఒక చిన్న గందరగోళం ఏర్పడుతుంది. మూడున్నర గంటల షిఫ్టులు మూడు పెట్టి, వాటి మధ్య పావుగంట అతివ్యాప్తి ఉంచితే సరిగ్గా కుదురుతుంది: 9:00 నుంచి 12:30, 12:15 నుంచి 3:45, 3:30 నుంచి 7:00. ఆ పావుగంటలో వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు పని అప్పగిస్తారు. అతివ్యాప్తి లేని పట్టికలో మొదటివాళ్లు సరిగ్గా సమయానికి లేచి వెళ్లిపోతే, రెండోవాళ్లు ఆలస్యమైన పది నిమిషాలూ బల్ల ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు సంఖ్యలు వేసుకోవాలి. నమోదు బల్ల దగ్గర ముగ్గురు, దారి చూపడానికి ఇద్దరు, పుస్తకాల వరుసల్లో నలుగురు, మంచినీళ్ల దగ్గర ఒకరు అనుకుంటే షిఫ్టుకు పది మంది. రెండు రోజుల్లో ఆరు షిఫ్టులకు అరవై స్థానాలు. ఒక్కొక్కరు రెండు షిఫ్టులు తీసుకుంటే ముప్పై మంది చాలు, ఒక్కటే తీసుకుంటే అరవై మంది కావాలి. మన దగ్గర ఉన్న పరిచయాల జాబితాకు ఈ లెక్క సరిపోకపోతే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. షిఫ్టుకు ఒక అదనపు స్థానాన్ని "అవసరమైతే పిలుస్తాం" అనే పేరుతో వేరుగా చూపండి. దాన్ని మామూలు స్థానాల్లో కలిపేస్తే వచ్చిన మనిషికి పని దొరకదు, మరోసారి రమ్మంటే రాడు.

పనికి పెట్టే పేరు కూడా ముఖ్యమే. "సహాయకులు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "పుస్తకాల పెట్టెలు మోయడం, ఒక్కో పెట్టె సుమారు 15 కిలోలు" అని రాస్తే నడుం నొప్పి ఉన్నవారు ఆ స్థానాన్ని తామే వదిలేస్తారు. నమోదుకు ముందే తప్పుకున్న మనిషి వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు.

రెండో మెట్టు: పనికి తగ్గ సాధనాన్ని ఎంచుకోవడం

అందుబాటులో ఉన్నవాటిని మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది సాధారణ ఫారాలు, స్ప్రెడ్‌షీట్లు. గూగుల్ ఫారమ్స్ అందరికీ తెలిసినదే, ఉచితమే. అయితే అది వివరాలు సేకరించడానికి తయారైన సాధనం. ఒక షిఫ్టుకు ముగ్గురే కావాలన్నా, దానంతట అది నాలుగో మనిషికి ఆ ఎంపికను మూసివేయదు. ప్రతి ఎంపికకూ పరిమితి పెట్టాలంటే యాడ్-ఆన్, అంటే అదనపు సౌకర్యం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్, జోడించుకోవాలి. ఒక శిబిరానికి నేను ఈ సంగతి పట్టించుకోకుండా ఫారం పంపించాను. ఆదివారం ఉదయం షిఫ్టుకు అవసరానికి రెట్టింపు పేర్లు వచ్చాయి, మధ్యాహ్నం షిఫ్టుకు ఒక్క పేరూ రాలేదు. సగం మందిని బతిమాలి మార్చడానికి పట్టిన సమయంలో ఆ పట్టికను చేత్తోనే తయారుచేసి ఉండేవాడిని.

అందరూ మార్చగలిగే స్ప్రెడ్‌షీట్‌ను పంచుకోవడం ఇంకా ప్రమాదకరం. ఎవరో ఒకరు ఒకే నిలువు వరుసను ఎంచుకుని అక్షర క్రమంలో పేరిస్తే పేర్లు ఒకవైపు, సమయాలు మరోవైపు చెదిరిపోతాయి. గూగుల్ షీట్స్‌లో పాత ప్రతుల చరిత్ర ఉంటుంది కనుక వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ, ఆ లోపు తమ షిఫ్టు చూసుకుని వెళ్లినవాళ్లు తప్పు సమయానికి వస్తారు.

రెండో తరగతి షిఫ్టు నమోదు కోసమే తయారైన సాధనాలు. సైనప్‌జీనియస్ ఇందులో బాగా వాడుకలో ఉంది. అందులో ప్రతి స్థానానికీ సంఖ్య పెట్టవచ్చు, నిండిన స్థానం దానంతట అదే మూసుకుంటుంది. ఒక్కసారి జరిగే కార్యక్రమానికి, వారం వారం జరిగే చిన్న సేవకు ఈ తరగతి చాలు. డూడుల్ పేరు కూడా ఈ సందర్భంలో వినబడుతుంది. అయితే అందరికీ కుదిరే ఒక సమావేశ సమయాన్ని తేల్చడానికి వాడే సమయ పోల్‌ను షిఫ్టుల పట్టికగా వాడబోతే ఇబ్బంది పడతాం. అక్కడ మనకు కావలసింది అందరూ ఒకే సమయానికి రావడం. ఇక్కడ కావలసింది తలా ఒక సమయానికి రావడం.

మూడో తరగతి పూర్తి స్థాయి వాలంటీర్ నిర్వహణ వ్యవస్థలు. వోల్జిస్టిక్స్, బెటర్ ఇంపాక్ట్ వంటివి ఒక్కో మనిషి చేసిన గంటలు, పొందిన శిక్షణ, పత్రాల గడువు మొదలైనవన్నీ ఏళ్ల తరబడి భద్రపరుస్తాయి. సొంత సర్వర్ నడుపుకోగల సంస్థలకు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) సాఫ్ట్‌వేర్ సివిసిఆర్‌ఎం, దానికి జోడించే సివివాలంటీర్ ఉన్నాయి. ఆసుపత్రులు, గ్రంథాలయాలు, విపత్తు సహాయ సంస్థల వంటివి, అంటే అర్హత లేనివారిని కొన్ని పనులకు అనుమతించకూడనివి, ఈ తరగతి వైపే చూడాలి. ఏడాదికి ఒక కార్యక్రమం చేసే బృందం దీన్ని కొనడం దండగ. వ్యవస్థను నేర్చుకునే శ్రమే కార్యక్రమం శ్రమను మించిపోతుంది.

ఏది ఎంచుకున్నా ముందుగా ఒక ఖాళీ కార్యక్రమం తయారుచేసి ఈ ప్రశ్నలకు సమాధానం చూడండి. వాలంటీర్ ఖాతా తెరవకుండా నమోదు కాగలడా? నమోదైన తర్వాత సహాయం అడగకుండా తన పేరు తీసేసుకోగలడా? తీసేసుకున్న క్షణంలో మనకు సందేశం వస్తుందా? ఖాళీ అయిన స్థానం మళ్లీ తెరుచుకుంటుందా? జాబితాను ఫైలుగా బయటికి తీసుకోవచ్చా? రెండో ప్రశ్నకు లేదని సమాధానం వస్తే మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా ఆ సాధనాన్ని పక్కన పెట్టమనే చెబుతాను.

మూడో మెట్టు: నమోదు పేజీ రాయడం

పేజీలో ముందుగా కనిపించవలసింది ఖాళీల పట్టిక. సంస్థ చరిత్ర, ఆశయాలు కింద ఉండవచ్చు. తేదీలను 03/04 అని రాయకండి. దాన్ని కొందరు మార్చి నాలుగుగా, కొందరు ఏప్రిల్ మూడుగా చదువుతారు. "ఏప్రిల్ 3, శుక్రవారం" అన్నట్టు నెల పేరు, వారం పేరు రెండూ రాయండి. ఒకటి తప్పు పడితే రెండోది పట్టిస్తుంది. రాత్రి షిఫ్టుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "శనివారం రాత్రి 12 గంటలకు" అంటే శుక్రవారం ముగిసిన క్షణమా, శనివారం ముగిసిన క్షణమా అనేది ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వస్తాయి. షిఫ్టును 11:45కి మొదలుపెడితే ఈ పేచీయే ఉండదు. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో సేవ చేసే వాలంటీర్లు వేర్వేరు దేశాల్లో ఉంటే, సాధనం ప్రతి ఒక్కరికీ వారి స్థానిక సమయాన్నే చూపుతోందో లేదో చూసుకోండి. కొన్ని దేశాల్లో వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనుక, ఆరు నెలల క్రితం సరిగ్గా ఉన్న పట్టిక ఇప్పుడు గంట తేడాతో ఉండవచ్చు.

అడిగే వివరాలు తక్కువగా ఉండాలి. పేరు, ఫోను లేదా ఈమెయిలు, ఎంచుకున్న షిఫ్టు. వయసు నిబంధన ఉంటే "18 ఏళ్లు నిండాయా" అని అడిగితే చాలు, పుట్టిన తేదీ అక్కర్లేదు. ఒకే ఈమెయిలుతో ఇంట్లో ముగ్గురి పేర్లు ఇవ్వడానికి వీలుండాలి. ఈమెయిలు, స్మార్ట్‌ఫోను లేని పెద్దవాళ్లు ఫోన్ చేసి చెబితే వారి తరఫున సమన్వయకర్త అదే వ్యవస్థలో పేరు ఎక్కించాలి. వారి కోసం పక్కన వేరే కాగితం మొదలుపెడితే రెండు జాబితాలు తయారవుతాయి, కార్యక్రమం రోజుకు ఏది నిజమో ఎవరికీ తెలియదు.

నాలుగో మెట్టు: విరమణ, మార్పిడి, నిరీక్షణ జాబితా

అసలు పని ఇక్కడే ఉంది. నమోదు ధ్రువీకరణ సందేశంలోనూ, ఆ తర్వాత వెళ్లే ప్రతి రిమైండర్‌లోనూ "రాలేకపోతే ఇక్కడ నొక్కండి" అనే లింకు ఉండాలి. ఆ లింకు లాగిన్ అడగకుండా నేరుగా ఆ మనిషి షిఫ్టుకే తీసుకువెళ్లాలి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాడు దాన్ని తిరిగి తెచ్చుకుని మరీ విరమించుకుంటాడని ఆశించకూడదు.

ఇందులో ఒక సాంకేతికమైన మెలిక ఉంది. లింకు తెరవగానే పేరు తొలగిపోయేలా పెడితే, వాలంటీర్ తాకకుండానే పేరు తొలగిపోవచ్చు. కొన్ని ఈమెయిలు భద్రతా వ్యవస్థలు వైరస్ ఉందేమోనని సందేశంలోని లింకులను ముందుగానే తెరిచి చూస్తాయి. అందుకని లింకు ఒక పేజీకి తీసుకువెళ్లాలి, ఆ పేజీలో "అవును, విరమించుకుంటున్నాను" అనే బటన్ నొక్కితేనే పేరు పోవాలి. కారణం అడిగే పెట్టె పెట్టదలిస్తే దాన్ని ఐచ్ఛికంగా ఉంచండి. సంజాయిషీ రాయవలసి వస్తే మళ్లీ ఆ మొహమాటమే అడ్డుపడుతుంది.

గడువు గురించి నిర్వాహకుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. షిఫ్టుకు 24 గంటల ముందు విరమణ బటన్‌ను మూసేస్తే జనం బాధ్యతగా ఉంటారని కొందరంటారు. నేను ఆ పక్షం కాదు. జ్వరం వచ్చినవాడు బటన్ మూసి ఉందని లేచి రాడు, మనకు ఆ కబురు చేరకుండా పోతుందంతే. చివరి క్షణం వరకు బటన్ తెరిచే ఉంచి, 24 గంటల లోపు వచ్చే విరమణలకు మాత్రం సమన్వయకర్త ఫోనుకు వెంటనే హెచ్చరిక వెళ్లేలా పెట్టడం మేలు. ఈమెయిలులో చేరే హెచ్చరిక ఉదయం ఆరు గంటలకు ఎవరూ చూడరు కనుక, అది ఎస్ఎంఎస్‌గానో ఫోను నోటిఫికేషన్‌గానో రావాలి.

ఖాళీ అయిన స్థానాన్ని నింపడానికి నిరీక్షణ జాబితా ఉండాలి. జాబితాలో మొదటి మనిషిని వ్యవస్థ దానంతట అదే షిఫ్టులో వేసేయవచ్చు, లేదా "ఖాళీ వచ్చింది, తీసుకుంటారా" అని అడగవచ్చు. షిఫ్టుకు వారం పైగా ఉంటే మొదటి పద్ధతి పనికొస్తుంది. దగ్గర పడ్డాక రెండోదే సరైనది, ఎందుకంటే ఆ మనిషి ఈపాటికి వేరే పని పెట్టుకుని ఉండవచ్చు. అడిగినప్పుడు జవాబుకు గడువు పెట్టండి. మూడు గంటల్లో జవాబు రాకపోతే తర్వాతి మనిషిని అడగాలి.

మార్పిడి విషయంలో వాలంటీర్లు తమలో తాము షిఫ్టులు మార్చుకోవడాన్ని ప్రోత్సహించవచ్చు, అయితే ఆ మార్పు వ్యవస్థలో నమోదు కావాలి. "నా బదులు మా చెల్లి వస్తుంది" అని వాట్సాప్‌లో చెప్పి వదిలేస్తే, ఆ రోజు బల్ల దగ్గర జాబితాలో లేని మనిషి నిలబడి ఉంటుంది. శిక్షణ అవసరమైన పనుల్లో మార్పిడికి షిఫ్టు బాధ్యుడి ఆమోదం తప్పనిసరి చేయండి. మిగతా పనులకు ఆమోదం అక్కర్లేదు.

అయిదో మెట్టు: రిమైండర్లు

వారం ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, అదే రోజు మూడు గంటల ముందు ఒకటి చాలు. వారం ముందు వెళ్లేది విరమించుకునేవాళ్ల కోసం, ఆఖరిది దారి వెతుక్కునేవాళ్ల కోసం. కనుక ఆఖరి సందేశంలో స్థలం, రిపోర్ట్ చేయవలసిన మనిషి ఫోను నంబరు ఉండాలి.

తెలుగులో ఎస్ఎంఎస్ పంపేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. ఆంగ్ల అక్షరాల సందేశంలో 160 అక్షరాలు పడితే, తెలుగు వంటి యూనికోడ్ లిపుల్లో 70 మాత్రమే పడతాయి. అది దాటితే సందేశం 67 చొప్పున ముక్కలై, ప్రతి ముక్కకూ విడిగా ఛార్జీ పడుతుంది. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి రెండు అక్షరాలుగా కనిపించే "స్త్రీలు" అనే మాట ఎనిమిది స్థానాలు తీసుకుంటుంది. "రేపు ఉదయం 9కి నమోదు బల్ల దగ్గర మీ షిఫ్టు." అనే వాక్యం 41 స్థానాల్లో సరిపోతుంది, చిన్న లింకుకు ఇంకా 29 మిగులుతాయి. మర్యాద వాక్యాలు ఈమెయిలులో రాసుకుందాం.

క్యాలెండర్‌లో చేర్చుకునే సౌకర్యం కూడా ఇవ్వండి, కానీ దాని మీద ఆధారపడకండి. ఐసీఎస్ ఫైలును, అంటే క్యాలెండర్ వివరాలుండే ఫైలును, ఒకసారి చేర్చుకుంటే అది ఆ నాటి నకలు మాత్రమే, తర్వాత మనం సమయం మార్చినా అక్కడ మారదు. చందా పద్ధతిలో జోడించుకున్న క్యాలెండర్ మారుతుంది కానీ, కొత్త సమాచారం రావడానికి చాలా గంటలు పట్టవచ్చు. అందుచేత సమయం మారితే విడిగా సందేశం పంపడం తప్పదు.

ఆరో మెట్టు: ఎవరికి ఏది కనిపించాలి

పూర్తి అధికారం కనీసం ఇద్దరికి ఉండాలి. ఒక్కరికే ఉంటే ఆ ఒక్కరి ఫోను పాడైన రోజు అందరూ బయటే నిలబడతారు. షిఫ్టు బాధ్యులకు తమ షిఫ్టు జాబితా కనిపిస్తే చాలు. నమోదు పేజీలో మిగతా వాలంటీర్ల పేర్లు అందరికీ కనిపించాలా అనేది ఆలోచించి నిర్ణయించండి. తెలిసినవాళ్ల పేర్లు చూసి చేరేవాళ్లుంటారు, తాము ఏ రోజు ఎక్కడ ఉంటామో బయటివాళ్లకు తెలియకూడదనుకునేవాళ్లూ ఉంటారు. కనిపించకపోవడమే సురక్షితం. ఫోను నంబర్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కనిపించకూడదు. ఇదే కారణంగా అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చేముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, గ్రూపులోని ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది కదా.

ఏడో మెట్టు: పంపేముందు పరీక్ష

మీరు తయారుచేసిన పేజీని మీరే పరీక్షించకండి. దాన్ని ఎన్నడూ చూడని ఇద్దరికి లింకు పంపి, చిన్న తెర ఉన్న ఫోనులో నమోదై, వెంటనే విరమించుకోమనండి. పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ మార్చండి. మూడు స్థానాలున్న షిఫ్టుకు నలుగురి చేత పేర్లు ఇప్పించి నాలుగో మనిషికి ఏం కనిపిస్తుందో కూడా చూడాలి.

ఎనిమిదో మెట్టు: కార్యక్రమం రోజు

ముందు రోజు రాత్రి జాబితాను అచ్చు వేసి దగ్గర ఉంచుకోండి, నెట్‌వర్క్ మన కోసం ఎదురుచూడదు. హాజరుకు బల్ల మీద క్యూఆర్ కోడ్ పెడితే వచ్చినవాళ్లే స్కాన్ చేసి తమ హాజరు వేసుకుంటారు. పక్కనే షిఫ్టు బాధ్యుడు అచ్చు జాబితాలో టిక్కు పెడుతుండాలి.

జాబితాను సీఎస్‌వీ (పట్టికను సాదా అక్షరాలుగా ఉంచే) ఫైలుగా దించుకుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు అర్థంకాని గుర్తులుగా కనిపించవచ్చు. ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు. డేటా మెనూ నుంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిని ఎంచుకుంటే పేర్లు సరిగ్గా వస్తాయి. అదే దిగుమతిలో ఫోను నంబర్ల వరుసను టెక్స్ట్‌గా పేర్కొనండి. లేకపోతే ముందున్న సున్నాలు రాలిపోతాయి.

తొమ్మిదో మెట్టు: ముగిశాక

హాజరు లెక్కలో "ముందుగా విరమించుకున్నారు", "చెప్పకుండా రాలేదు" అనే రెండింటినీ వేరు వేరు గుర్తులతో నమోదు చేయండి. చాలా పట్టికల్లో ఇద్దరికీ ఒకే "గైర్హాజరు" పడుతుంది. అలా చేస్తే ముందుగా చెప్పినవాడికీ చెప్పనివాడికీ తేడా లేకుండా పోతుంది, వచ్చేసారి ఎన్ని అదనపు స్థానాలు ఉంచాలో అంచనా వేయడానికి ఆధారమూ ఉండదు. చెప్పకుండా రానివారు ఏదైనా ఒక షిఫ్టులోనే ఎక్కువగా ఉంటే, మనుషులను తప్పుపట్టేముందు ఆ షిఫ్టు సమయాన్ని, పని వివరణను, ఆ షిఫ్టు రిమైండర్ నిజంగా వెళ్లిందో లేదో ఒకసారి చూడండి.

గంటల ధ్రువపత్రాలు అడిగేవారుంటారు కనుక పేరు, తేదీ, గంటలు ఉంచుకుని, అత్యవసర ఫోను నంబర్లు, ఆరోగ్య వివరాల వంటివి ఏ అవసరానికైనా తీసుకుని ఉంటే తొలగించండి. ఏది ఎన్నాళ్లు ఉంచుతారో నమోదు పేజీలోనే ఒక వాక్యంలో చెప్పి ఉంటే ఈ తొలగింపును ఎవరూ మరచిపోరు. నమోదు పేజీని మాత్రం చెరిపేయకండి. ఆ లింకు పాత సందేశాల్లో తిరుగుతూనే ఉంటుంది. స్థానాలన్నీ మూసేసి, కార్యక్రమం ముగిసిందని, తర్వాతి దానికి కబురు కావాలనుకుంటే ఈమెయిలు ఇవ్వవచ్చని రాసి ఉంచితే, ఆలస్యంగా తెరిచినవాళ్ల పేర్లు వచ్చే జాబితాకు చేరతాయి.